మూడో ప్రకటన

రాబిన్ ఏం పని చేస్తాడో అతని ఇంట్లో ఎవరూ నోరు తెరిచి చెప్పరు. పదకొండేళ్ళుగా చెప్పలేదు. బెంగాల్లో, హౌరా పక్కనున్న లిలువాలో తెలుగువాళ్ళెవరైనా "మీ చిన్నోడేటి చేస్తన్నాడు?" అని అడిగితే తండ్రి దయారత్నం గొంతు సవరించుకుని "డాక్ వైపు" అంటాడు. అది అబద్ధమని నిలదీయడానికి లేదు. రాబిన్ పనిచేసే మెటియాబ్రుజ్ డాకుల వైపే ఉంది. అక్కడ ఓడలున్నాయి, క్రేన్లున్నాయి, వాటికి కాస్త ఇవతల ఇరుకు సందుల్లో వందలకొద్దీ కుట్టు కార్ఖానాలున్నాయి. అడిగినవాడు క్రేను ఊహించుకుని తృప్తిగా వెళ్ళిపోతాడు. కొడుకు చంటిపిల్లల గౌన్లు కత్తిరిస్తాడని చెప్పడానికి ఆ పెద్దమనిషికి నోరు రాదు.

దయారత్నం లిలువా రైల్వే వర్క్‌షాప్‌లో ముప్ఫై నాలుగేళ్ళు ఫిట్టర్‌గా చేసి రిటైరయ్యాడు. పెద్దకొడుకు ఆండ్రూ రైలు నడుపుతాడు. రాబిన్ రైల్వే పరీక్ష మూడుసార్లు రాశాడు, మూడుసార్లూ పోయింది. పరీక్ష పోయినవాడికి మన జనంలో మర్యాద లేదు. మగవాడంటే రైలు పాసు, క్వార్టరు, ఒకటో తారీకు జీతం. ఈ మూడూ లేనివాడు మగవాడు కాదని ఎక్కడా రాసి పెట్టలేదు గాని, చర్చిలో చంటిపిల్లల దగ్గర్నుంచి అందరికీ ఈ సంగతి కంఠతా వచ్చు. మూడోసారి కూడా లిస్టులో పేరు లేదని తెలిసిన రోజు దయారత్నం కొడుకుతో మాట్లాడలేదు. తర్వాత ఏడు నెలలు కూడా మాట్లాడలేదు.

ఆ ఏడు నెలల్లోనే రాబిన్ మెటియాబ్రుజ్ దారి పట్టాడు. లిలువా నుంచి లోకల్లో హౌరాకి, అక్కడి నుంచి ఖిదిర్‌పూర్ మీదుగా బస్సు. కార్ఖానా యజమానిని అక్కడ ఒస్తాగర్ అంటారు. ఆ ఒస్తాగర్ మొదట రాబిన్ చేత చీపురు పట్టించాడు, తర్వాత దారాలు తెంపించాడు, ఏడాది తర్వాత ఒకరోజు కటింగ్ మాస్టరు జ్వరంతో రాకపోతే సుద్ద చేతికిచ్చాడు. అంతే. రాబిన్‌కి తన చేతుల సంగతి ఆ రోజు తెలిసింది. నలభై పొరల గుడ్డ ఒకదాని మీద ఒకటి పరిచి, పైపొర మీద సుద్దతో గీసి, మిషన్‌తో కోస్తే అట్టడుగు పొర కూడా నూలుపోగు తేడా లేకుండా రావాలి. రాబిన్ కోస్తే వస్తుంది. మిగిలే ముక్కలు గుప్పెడు కూడా ఉండవు. ఇవాళ ఆ కార్ఖానాలో అతనే కటింగ్ మాస్టరు. పద్దెనిమిది మంది అతన్ని "రాబిన్‌దా" అని, అంటే అన్నా అని, పిలుస్తారు.

అదే మనిషి ఆదివారం పొద్దున్న చర్చికి బయల్దేరే ముందు పెరట్లో కూర్చుని గోళ్ళలో ఇరుక్కున్న నీలం సుద్ద పోయేదాకా పాత బ్రష్షుతో తోముకునేవాడు. తల్లి దెబోరా కొడుకు కుట్టిన జాకెట్టే తొడుక్కుని, ఎవరైనా బాగుందంటే "హౌరాలో కుట్టించినాను" అనేది. ఆ మాట రాబిన్ వినేలాగే అనేది. వినీ విననట్టు ఊరుకునేవాడు. ఊరుకోవడం మంచితనం అనుకున్నాడు. నన్నడిగితే అది మంచితనం కాదు, భయం.

హెప్సీతో పరిచయం ఒక ఓవరాల్ వల్ల అయింది. హెప్సీ తండ్రి కూడా వర్క్‌షాప్ మనిషే, డ్యూటీలో ఉండగా గుండె ఆగి పోయాడు. ఆయన ఉద్యోగం కూతురికి వచ్చింది. వెల్డింగ్ టెక్నీషియన్. పనిలో చేరిన కొత్తల్లో ఆ పిల్ల తండ్రి ఓవరాలే వేసుకుంటానని పట్టుబట్టింది. ఆయన ఆరడుగుల మనిషి. చేతులు మోకాళ్ళ దాకా వేలాడుతుంటే నిప్పురవ్వల దగ్గర నిలబడడం ఎలాగ? హెప్సీ తల్లి గ్రేసమ్మకి మాత్రం రాబిన్ పని తెలుసు. చాటుగా పిలిచి ఆ ఓవరాల్ చేతికిచ్చింది. రాబిన్ కొలతలు తీసి, ఓవరాల్ మొత్తం విప్పదీసి, మళ్ళీ కొత్తగా కోసి కుట్టాడు. తండ్రి పేరు రాసిన జేబు మాత్రం కదపలేదు. హెప్సీ అది వేసుకుని, చేతులు పైకెత్తి, వంగి, లేచి, "ఇది నా ఒంటికోసమే పుట్టినట్టుంది" అంది. అతని పనిని మెచ్చుకుంటూ, అతని మొహం చూస్తూ, గొంతు తగ్గించకుండా చెప్పిన మొదటి తెలుగు మనిషి ఆమే. నాలుగేళ్ళ తర్వాత ఇద్దరూ పెళ్ళి చేసుకుందామనుకున్నారు. అతనికి ముప్ఫై మూడు, ఆమెకి ముప్ఫై.

దయారత్నం ఎగిరి గంతేసి ఒప్పుకున్నాడు. పిల్ల రైల్వేలో పర్మనెంటు మరి. కానీ ఆ మాట ఇంట్లో, తలుపు వేసుకుని, మెల్లిగా అనుకోవడానికే. బయట చెప్పుకోవడానికి కాదు. కోడలి ఉద్యోగం కావాలి, కోడలికి ఉద్యోగం ఉన్నట్టు నలుగురికీ వినపడకూడదు. ఇలాంటి పెద్దమనుషుల్ని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది.

అయితే వినపడక తప్పని చోటు ఒకటుంది. ఆ చర్చిలో పెళ్ళికి ముందు వరసగా మూడు ఆదివారాలు ప్రకటన చదవాలి. ఫలానావారి కుమారుడు, ఫలానా ఉద్యోగం, ఫలానావారి కుమార్తెని చేసుకోబోతున్నాడు, ఎవరికైనా అభ్యంతరముంటే లేచి చెప్పండి అని. మగపిల్లవాడి ఉద్యోగం చదువుతారు. ఆడపిల్లది చదవరు. నర్సులు, టీచర్లు, పెద్దాఫీసుల్లో గుమాస్తాలు, ఎంతమంది పెళ్ళికూతుళ్ళో ఆ చర్చిలో 'ఫలానావారి కుమార్తె'గానే వెళ్ళిపోయారు. ఎందుకని ఎవరూ అడగలేదు. తప్పు దిద్దుకోవడం తప్పిస్తే మూడు ప్రకటనలూ ఒకే మాటగా ఉండాలన్నది ఇంకో నియమం. మధ్యలో ఎవరైనా లేచి అభ్యంతరం చెప్పినా, కొత్త సంగతి కలిపినా, మళ్ళీ మొదటి ఆదివారం నుంచి మొదలెట్టాలి. చర్చి పేరు నేను చెప్పను. ఒక్క చర్చి చేసే పనైతే చెప్పేవాణ్ణి.

పెళ్ళి మంగళవారానికి పెట్టారు. ఆ మర్నాడే భస్మ బుధవారం, అక్కడి నుంచి లెంటు, ఉపవాస దినాలు. ఆ నలభై రోజుల్లో పెళ్ళిళ్ళు చెయ్యరు. అంటే ఈ మూడు ఆదివారాల్లో ఏదైనా తేడా వస్తే పెళ్ళి ఈస్టరు దాటాక మాటే.

మొదటి ఆదివారం పాస్టరుగారు కళ్ళజోడు పెట్టుకుని కాగితం తీశారు. రాసింది చర్చి సెక్రటరీ ప్రేమ్‌సాగర్. రిటైరైన హెడ్‌క్లర్కు, ముత్యాల్లాంటి దస్తూరీ. "దయారత్నంగారి రెండవ కుమారుడు రాబిన్, బిజినెస్..." అని పాస్టరుగారు చదివారు. మగవాళ్ళ బెంచీల్లో రెండు తలలు రాబిన్ వైపు తిరిగాయి. వెనక బెంచీ కుర్రాడొకడు కిసుక్కుమన్నాడు. "...కీర్తిశేషులు ఏలీషాగారి కుమార్తె హెప్సీ..." అని చదివి, అభ్యంతరాలేమైనా ఉన్నాయా అని అడిగి, లేకపోవడంతో కాగితం మడిచారు. రాబిన్ తండ్రి వైపు చూశాడు. దయారత్నం పాటల పుస్తకంలో ఏదో పేజీ వెతుక్కుంటున్నాడు.

మర్నాడు సాయంత్రం డ్యూటీ దిగి హెప్సీ లిలువా ప్లాట్‌ఫారం మీద ఎదురుచూసింది. రాబిన్ బండి దిగగానే పలకరింపు కూడా లేదు.

"ఏ బిజినెస్, రాబిన్?"

"నాన్న రాయించినాడు. నాకు తెలీదు."

"విన్నావు కదా. విన్నాకయినా తెలిసింది కదా. లేచి కాదని అన్నావా?"

రాబిన్ టీ తెస్తానన్నాడు. అక్కర్లేదంది.

"ఒకటడుగుతాను, నిజం సెప్పు. నీకు సిగ్గేటి మీద? నీ కత్తెర మీదా, నా వెల్డింగ్ మీదా?"

"ధుర్, అదేం మాట. దేని మీదా లేదు."

"అలాగైతే రెండూ చదివించు. నీ పనీ, నా పనీ. పెళ్ళి రిజిస్టర్లో కూడా ఆ కాగితం చూసే రాస్తారు. అందులో అబద్ధం ఉంటే నాను సంతకం పెట్టను. నవ్వులాటకి అన్లేదు, రాబిన్. మా నాన్న పేరున్న ఆ బట్టలేసుకుని నాలుగేళ్ళు మంట ముందు నిలబడ్డాను. పెళ్ళి రోజున అదంతా ఉత్తదే అయిపోడానికా?"

రాబిన్ రెండూ చదివిస్తానని మాటిచ్చాడు. ఇక్కడ గుర్తుపెట్టుకోండి, రెండూ అన్నాడు.

ఆ రాత్రి అన్నాల దగ్గర తండ్రినడిగాడు. దయారత్నం కంచంలోంచి తలెత్తకుండానే "నానేటి తప్పు రాయించినాను? గుడ్డలు కొయ్యడం బిజినెస్ కాదా?" అన్నాడు.

"బిజినెస్ ఒస్తాగర్‌ది. నాను కోతగాణ్ణి. దర్జీని."

"ఆ మాటనకు." దయారత్నం చెయ్యి కడుక్కున్నాడు. "మీ అన్న పెళ్ళి ప్రకటనకి అసిస్టెంట్ లోకో పైలట్ అని చదివితే చర్చంతా నాకేసి చూసినారు. ముప్ఫై ఏళ్ళు నూనె మరకల చొక్కాతో తిరిగినోణ్ణి, ఆ ఒక్క పూట నాకు ఒళ్ళు పొంగిపోయింది. నీ పెళ్ళికి ఏటి చదవమంటావు? గౌన్లు కుట్టేవోడనా?"

"అవును. అదే చదవమంటన్నాను."

దెబోరా మధ్యలోకొచ్చి, "వచ్చే ఆదివారానికి మారుద్దారి లేరా, తిను" అంది. దయారత్నం కూడా తలూపాడు. రాబిన్ నమ్మాడు. తండ్రి తలూపితే పని అయిపోయిందనుకునే వయసు అతనికి ఇంకా దాటలేదు.

రెండో ఆదివారం మళ్ళీ "బిజినెస్" అనే చదివారు. ఈసారి ఆడవాళ్ళ వైపు హెప్సీ లేచి, బైబిలు సంచిలో పెట్టుకుని, ప్రసంగం మొదలు కాకుండానే బయటికి వెళ్ళిపోయింది. గ్రేసమ్మ తల వంచుకుని కూర్చుంది. హెప్సీ చెప్పులేసుకున్న చప్పుడు లోపలిదాకా వినపడింది. రాబిన్ కదల్లేదు. చుట్టూ కూర్చున్న మగవాళ్ళలో ఒకాయన పక్కాయనతో "ఇప్పుడే ఇలాగుంటే రేపు సంసారంలో ఎవరు మొగుడో తెలుస్తూనే ఉంది" అన్నాడు. పక్కాయన నవ్వాడు. రాబిన్ విన్నాడు. ఆ ఇద్దరి మనవరాళ్ళూ వేసుకొచ్చిన గౌన్లు తను కోసినవే. ఆ సంగతి వాళ్ళకి తెలీదు. రాబిన్‌కి తెలుసు.

బుధవారం సాయంత్రం అతను పనికి సెలవు పెట్టి పాస్టరుగారి గదికి వెళ్ళాడు. పాస్టరుగారు, ప్రేమ్‌సాగర్, దయారత్నం ముగ్గురూ అక్కడే ఉన్నారు. కబురు ముందే అందినట్టుంది. రాబిన్ వందనాలు కూడా చెప్పలేదు.

"అయ్యగారూ, నాను బిజినెస్ చెయ్యట్లేదు. మెటియాబ్రుజ్‌లో పిల్లల బట్టలు కోస్తాను. పదకొండేళ్ళు అయింది. మీకు తెలీదా? సెక్రటరీగారికి తెలీదా?"

"తెలుసు బాబూ," అన్నాడు ప్రేమ్‌సాగర్ నిదానంగా. "పెద్దవాళ్ళం, నీ మర్యాద కోసమే కదా..."

"నా మర్యాదా?" రాబిన్ గొంతు లేచింది. "మొన్న క్రిస్మస్‌కి సండే స్కూలు పిల్లలకి తెల్లగౌన్లు కావాలన్నారు. అరవై రెండు. ఎవరు కోసినారు? నాలుగు రోజులు పని మానుకుని కోసినాను. అప్పుడు దర్జీ కావలసొచ్చినాడు. పేరు చదవడానికి మాత్రం దర్జీ పనికిరాడా? మీ ఇళ్ళల్లో ఒక్కరైనా గుడ్డ కట్టకుండా తిరుగుతన్నారా? మీ చొక్కాకి చేతులు ఎవరు పెట్టినారు? రైల్వేవోడు పెట్టినాడా?"

అలా మాట్లాడడం అతనికే కొత్త. పదకొండేళ్ళుగా గోళ్ళు తోముకున్న కోపమంతా ఆ గదిలో బయటికొచ్చింది. పాస్టరుగారు మెత్తని మనిషి, ఎటు గాలి వీస్తే అటు ఒరుగుతారు. ఆ పూట గాలి రాబిన్ వైపు నుంచి వీచింది. "రాబిన్ చెప్పింది న్యాయమే సాగర్‌గారూ. గార్మెంట్ కటింగ్ మాస్టర్ అని సవరించండి" అన్నారు.

ప్రేమ్‌సాగర్ కాగితం ముందుకి లాక్కున్నాడు. "సవరణే కాబట్టి మళ్ళీ మొదలెట్టక్కర్లేదు. రాస్తాను."

"హెప్సీది కూడా," అన్నాడు రాబిన్. "టెక్నీషియన్, వెల్డింగ్, లిలువా వర్క్‌షాప్."

కలం ఆగింది. "అది సవరణ కాదు బాబూ. కొత్త సంగతి కలపడం. మన చర్చిలో అలాంటి ఆచారం లేదు. కలిపితే మొదటినుంచి చదవాలి. అంటే ఈస్టరు అయ్యాకే పెళ్ళి. శ్రీకాకుళం నుంచి మీవాళ్ళు ఇప్పటికే టిక్కెట్లు తీసుకునుంటారు."

అప్పుడు దయారత్నం మాట్లాడాడు. అరవలేదు. అరిచినా బాగుండేది.

"దర్జీ అని చదవండి. తల దించుకుంటాను, సరే. కానీ దర్జీ అని చదివి, దాని పక్కనే ఆ పిల్లకి రైల్వే టెక్నీషియన్ అని చదివితే, నా కొడుకు ఆడదాని నీడన బతకబోతన్నాడని మైకులో చెప్పినట్టే. అది మాత్రం నాను చూళ్ళేను. నువ్వు చూడగలవేట్రా, రాబిన్?"

ఇక్కడ రాబిన్ చేసిన పని చెప్పాలి. దాచడానికి నాకు మనసు రావడంలేదు. ఆ మాట అతనికి తగిలింది. మిగతా ముగ్గురికీ ఏ భయం ఉందో అదే భయం అతని కడుపులో కూడా ఉంది. బెంచీ మీద ఆ ఇద్దరు పెద్దమనుషులు నవ్విన నవ్వు చెవుల్లో ఉంది. దర్జీ అని చదివితే నవ్వనీ, తట్టుకోగలను అనుకున్నాడు. దర్జీ మొగుడు, వెల్డరు పెళ్ళాం అని ఒకే ఊపిరిలో చదివితే? పైగా ఈస్టరు అంటే రెండు నెలలు. బంధువులు టిక్కెట్లు కొనేశారు. ఇన్ని కారణాలు ఒక్కసారిగా దొరికాయి, అందులో నిజమైన కారణం ఏదో వెతకలేదు.

"సరే," అన్నాడు. "ఆవిడది వద్దులెండి."

ప్రేమ్‌సాగర్ మెచ్చుకున్నట్టు చూసి కలం కదిపాడు. దయారత్నం లేచి కొడుకు భుజం తట్టాడు. పదకొండేళ్ళలో అలా తట్టడం అదే మొదటిసారి. ఆ తట్టుకి రాబిన్‌కి కళ్ళు చెమర్చాయి. నాకైతే ఆ చెయ్యి విరగ్గొట్టాలనిపించింది.

బయటికొచ్చి హెప్సీకి ఫోన్ చేశాడు. వెనకాల ఎక్కడో ఇనుం మీద సుత్తి దెబ్బలు పడుతున్నాయి, ఆమె ఇంకా డ్యూటీలోనే ఉంది.

"గట్టిగా అడిగినాను హెప్సీ. అయ్యగారు ఒప్పుకున్నారు."

"నిజంగానా? రాబిన్! చదువుతారా?"

"అంతా సరిచేసినారు. ఆదివారం విను."

అంతా సరిచేశారట. తండ్రి పదకొండేళ్ళు 'డాక్ వైపు' అన్నట్టే కొడుకు కూడా అన్నాడు. మాటలో అబద్ధం దొరకదు, మనిషి మాత్రం మోసపోతాడు. అవతల హెప్సీ ఎవరికో అరిచి చెప్పింది, "ఆదివారం చర్చిలో నా ఉద్యోగం చదువుతారు!" అని. ఎవరో బెంగాలీలో భలే అని చప్పట్లు కొట్టారు. రాబిన్ ఫోన్ పెట్టేశాడు. మళ్ళీ చేసి నిజం చెప్పాలనుకున్నాడు. గురువారం అనుకున్నాడు, శుక్రవారం అనుకున్నాడు. శనివారం బంధువులు దిగారు.

మూడో ఆదివారం చర్చి నిండిపోయింది. శ్రీకాకుళం మేనత్తలు, ఆండ్రూ కుటుంబం, వర్క్‌షాప్ నుంచి హెప్సీతో పనిచేసే ఇద్దరు బెంగాలీ ఆడవాళ్ళు కూడా. ఆ ఇద్దరికీ తెలుగు రాదు, వెనక వరసలో నవ్వుతూ కూర్చున్నారు. హెప్సీ గోధుమరంగు చీర కట్టుకుని రెండో బెంచీలో తల్లి పక్కన ఉంది. లోపలికొస్తూ రాబిన్ వైపు చూసి నవ్వింది. అతను తిరిగి నవ్వాడు. ఆ నవ్వు నవ్వడానికి అతనికి మనసెలా వచ్చిందో నాకు తెలీదు.

పాస్టరుగారు కాగితం తీశారు. "ఇది మూడవ, చివరి ప్రకటన. దయారత్నంగారి రెండవ కుమారుడు రాబిన్, గార్మెంట్ కటింగ్ మాస్టర్..." చర్చిలో చిన్న కదలిక వచ్చింది. ఒక మేనత్త నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. దయారత్నం నిటారుగా కూర్చున్నాడు. హెప్సీ మొహం వెలిగిపోయింది, తల్లి చెయ్యి పట్టుకుని తన వంతు కోసం ఎదురుచూసింది.

"...కీర్తిశేషులు ఏలీషాగారి కుమార్తె హెప్సీ. వీరి వివాహానికి ఎవరికైనా అభ్యంతరముంటే ఇప్పుడే తెలియజేయాలి."

ఆ మాట అన్నాక పాస్టరుగారు ఎప్పుడూ రెండు క్షణాలు ఆగుతారు. ముప్ఫై ఏళ్ళుగా ఆగుతున్నారు, ముప్ఫై ఏళ్ళుగా ఎవరూ లేవలేదు. ఆయన కాగితం మడవబోతుండగా ఆడవాళ్ళ వైపు ఒక బెంచీ కిర్రుమంది.

"నాకుందండి," అంది హెప్సీ.

పాస్టరుగారు కళ్ళజోడు తీసి, పెట్టుకుని, మళ్ళీ తీశారు. "ఏటమ్మా?"

"నాకూ ఉద్యోగం ఉందండి. టెక్నీషియన్ని. నాలుగేళ్ళయింది. అది చదవలేదు. చదువుతారని సెప్పినారు."

గ్రేసమ్మ కూతురి చీరకొంగు పట్టుకుని లాగింది. హెప్సీ కూర్చోలేదు. ప్రేమ్‌సాగర్ ముందు వరసలోంచి లేచి, పిల్లలకి చెప్పే గొంతుతో, "ఆడపిల్లల ఉద్యోగాలు చదవడం ఆచారం లేదమ్మా. కలిపితే మళ్ళీ మొదలెట్టాలి. ఎల్లుండి పెళ్ళి పెట్టుకుని ఇదేమిటి? పెద్దవాళ్ళందరం కూర్చుని మాట్లాడుకున్నదే" అన్నాడు.

"పెద్దవాళ్ళు మాట్లాడుకున్నారేమో. రాబిన్ ఒప్పుకోడు."

ఆ మాట ఎంత నమ్మకంగా అందంటే, రాబిన్‌కి ఆ క్షణాన నేల చీలిపోతే బాగుండుననిపించింది. ప్రేమ్‌సాగర్ జాలిగా నవ్వాడు.

"రాబినే వద్దన్నాడమ్మా. బుధవారం. 'ఆవిడది వద్దులెండి' అని, మా ముగ్గురి ముందూ."

హెప్సీ మెల్లిగా తల తిప్పి మగవాళ్ళ వైపు చూసింది. ఏడవలేదు. ఏదో లెక్క తప్పిందనుకుని మళ్ళీ చూసుకునే మనిషిలా చూసింది. వెనక వరసలో బెంగాలీ ఆడవాళ్ళు ఏమైందని ఒకరినొకరు అడుగుతున్నారు.

"రాబిన్," అన్నాడు ప్రేమ్‌సాగర్, "లేచి ఆవిడకి నచ్చజెప్పు బాబూ. నీ మనిషి, నువ్వే చెప్పుకోవాలి."

"కూర్చోమను," అన్నాడు దయారత్నం పళ్ళ మధ్యనుంచి. "మగోడివైతే కూర్చోమను."

ఇటు బెంచీల్లో తలలన్నీ అతని వైపు తిరిగాయి. అన్న, మేనమామలు, నవ్విన ఆ ఇద్దరు పెద్దమనుషులు. అందరి చూపుల్లోనూ ఒకటే ఉంది. ఇప్పుడైనా మగవాడివని చూపించుకో. ఒక్క మాట. కూర్చో హెప్సీ. ఆ ఒక్క మాట అంటే చాలు, దర్జీ అయినా సరే వాళ్ళలో కలుపుకుంటారు. ఇన్నేళ్ళూ అతను ఎదురుచూసింది ఆ కలుపుకోవడం కోసమే. అది ఇంత చవగ్గా, ఒక ఆడదాన్ని కూర్చోబెట్టినంత మాత్రాన దొరికేదని ఇప్పుడు తెలిసింది. తెలిశాక అతనికి ఒళ్ళంతా అసహ్యం వేసింది. వాళ్ళ మీద వేసింది, బుధవారం భుజం తట్టించుకున్న తన మీద అంతకన్నా ఎక్కువ వేసింది.

రాబిన్ లేచాడు.

"సెక్రటరీగారు అన్నది నిజమే," అన్నాడు. "నానే వద్దన్నాను. నా పని చదివితే చాలనుకున్నాను. ఈవిడ పని పక్కన చదివితే నన్ను చూసి నవ్వుతారని భయమేసింది. మీరు నవ్వుతారని. మీ అందరికీ భయపడ్డాను. ఆ సంగతి ఈవిడకి సెప్పకుండా అంతా సరిచేసినారని అబద్ధమాడినాను."

"ఒరే," అన్నాడు దయారత్నం.

"ఉండు నాన్నా. నీకు భయపడే పదకొండేళ్ళు గోళ్ళు గీక్కున్నాను. నిన్నొక్కణ్ణే అని లాభం లేదు, నీ పనే నానూ చేసినాను." పాస్టరుగారి వైపు తిరిగాడు. "అయ్యగారూ, నాకూ అభ్యంతరముంది. ఈ ప్రకటన తప్పు. కొట్టెయ్యండి."

దయారత్నం లేచి, బెంచీ వరస దాటుకుని, ఎవరినీ చూడకుండా బయటికి నడిచాడు. దెబోరా లేవబోయి, మళ్ళీ కూర్చుని, చిన్నకొడుకు వైపు చూసింది. భర్త వెనకాల ఆమె వెళ్ళకపోవడం ఆ చర్చివాళ్ళు చూడడం అదే మొదటిసారి. ఆ సంగతి కూడా అప్పుడెవరూ పట్టించుకోలేదు.

పాస్టరుగారు కాగితాన్ని అటూ ఇటూ తిప్పారు. ఆయన ఇంత ఇబ్బంది ఎప్పుడూ పడలేదు. "అయితే ఎల్లుండి పెళ్ళి లేదు. మరి ఈస్టరు అయ్యాక మొదటినుంచి చదవమంటావా రాబిన్? ఇద్దరి ఉద్యోగాలూ రాసి?" అని అడిగారు.

రాబిన్ ఔనని అనబోయాడు. నోటిదాకా వచ్చింది. అప్పుడు ఆగాడు.

"నన్నడక్కండి అయ్యగారూ. ఆవిణ్ణి అడగండి."

ముప్ఫై ఏళ్ళలో ఆ పీఠం దగ్గర నిలబడి పాస్టరుగారు ఒక పెళ్ళికూతుర్ని ప్రకటన గురించి ఏదీ అడిగి ఉండరు. ఎలా అడగాలో కూడా తెలీనట్టు కాస్త తడబడ్డారు.

"అమ్మా హెప్సీ, మళ్ళీ చదవమంటావా?"

హెప్సీ రాబిన్ వైపు చాలాసేపు చూసింది. అతని మొహంలో ఆశ ఉంది. చేసింది ఒప్పేసుకున్నాను కదా, ఇంకేం అన్న ఆశ. తప్పు ఒప్పుకోగానే అవతలి ఆడది కరిగిపోవాలని ఎదురుచూసే ఆశ ఈ మగవాళ్ళకి ఎవరు నేర్పుతారో గాని, అతనికీ నేర్పారు. ఆమెకి అది కనబడింది.

"ఆలోచించుకుని సెప్తానండి," అంది. కూర్చుంది.

ఇటువైపు బెంచీల్లో రాబిన్ ఒక్కడే నిలబడి ఉన్నాడు. కూర్చోమని అతనికి ఎవరూ చెప్పలేదు.